నాలుగు గంటల ఫోను

గిన్నె అడుగున మాడి అంటుకున్న పప్పును గోటితో గీకుతూ రుక్మాబాయి "ఇన్ ద ఫ్యూచర్" అంది. గిన్నె కడిగి బోర్లించి మళ్ళీ "ఇన్ ద ఫ్యూచర్" అంది. ఆ పై మాట రాలేదు. పొద్దున్నుంచీ ఆ మూడు ముక్కలే నోట్లో నానుతున్నాయి. వినడానికి గోడమీది పిల్లి తప్ప ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే లాల్‌దర్వాజా గల్లీ గల్లీ అంతా చెప్పుకుని నవ్వుకునేది.

వైకుంఠం సేటు ఇంట్లో ఆమె ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తోంది. కింద బెల్లం, చింతపండు టోకు దుకాణం, పైన ఇల్లు, వెనక అంట్లు తోమే గచ్చు. రుక్మాబాయికి యాభై నాలుగు. పొట్టి మనిషి, గట్టి రెక్కలు. వేళ్ళ సందులు సబ్బుకు ఒరిసి పాలిపోయాయి. కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. మోకాళ్ళు రెండూ అరిగాయి, ఇక కింద కూర్చుని పని చేయొద్దని డాక్టరు చెప్పాడు. చెప్పేవాడికేం, అంట్లేమైనా నెత్తిన పెట్టుకుని తోముతారా? పని మానేస్తే ఉప్పుగూడలో కొడుకు బబ్లూ ఉండే ఒంటిగదే దిక్కు. ఆ గదిలో కోడలు, ఇద్దరు పిల్లలు, కోడలి కుట్టుమిషను పోగా మిగిలేది గడప ఒక్కటే.

అందుకే ఈ ఇంగ్లీషు గోల. ఊరికి ఆ చివర ఒక వృద్ధాశ్రమంలో ఆయా ఉద్యోగం ఖాళీగా ఉంది. గది ఇస్తారు, అన్నం పెడతారు, నేలమీద కూర్చునే పని లేదు. అయితే అక్కడున్న పెద్దవాళ్ళలో సగం మంది వేరే రాష్ట్రాలవాళ్ళు, తెలుగు రాదు. కాబట్టి ఫోన్లో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తారట. ఏం అడుగుతారో ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నారు. రాబోయే రోజుల్లో ఏమేం మారతాయి అన్నది ఒకటి. మీ చుట్టుపక్కలవాళ్ళకు మీరు చేసిన సాయం ఏమిటి అన్నది రెండోది. ఫోను ఇవాళ నాలుగు గంటలకు.

నేర్పుతున్నది సేటు భార్య నాగమణమ్మే. డెబ్బై మూడేళ్ళావిడ. పెళ్ళికి ముందు మెట్రిక్‌లో ఇంగ్లీషు పేపరు ఆమెదే ఫస్టు. బెల్లం దుకాణంవారి ఇంట్లో ఇంగ్లీషుతో ఏం పని? అర్ధశతాబ్దం పాటు అది అటకమీది ఇత్తడి సామానులా మూలన పడి ఉంది. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, నోరూ పడిపోయినప్పుడు తెలుగు కూడా పోయింది. ఎనిమిది నెలలు రుక్మాబాయే స్నానం చేయించింది, అన్నం తినిపించింది, తల దువ్వింది, భుజం ఆసరా ఇచ్చి వసారా ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించింది. మాట తిరిగొచ్చింది, మూతి మాత్రం కాస్త వంకరగానే ఉండిపోయింది. ఈ ఉద్యోగం సంగతి విని, మనవరాలు అనూహ్య చేత దరఖాస్తు పెట్టించింది కూడా ఆ మహాతల్లే. ఇది కుదిరితే తన చెయ్యి విరిగినట్టేనని ఆమెకు తెలియక కాదు. ఈ నెల రోజులూ మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ నేర్పింది.

రెండు గంటలకు ఇద్దరూ వసారాలో కూర్చున్నారు, నాగమణమ్మ కుర్చీలో, రుక్మాబాయి ఎదురుగా స్టూలు మీద.

"చెప్పు. ఇంక పదేండ్లకు ఏం మారుతది?"

"ఇన్ ద ఫ్యూచర్, మెషిన్ విల్ వాష్ వెసెల్స్."

"మంచిగున్నది. ఇంకా?"

రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది. "మెషిన్ విల్ గివ్ మెడిసిన్. బట్ ఓల్డ్ లేడీ హెయిర్... నోబడీ హావ్ టైం."

నాగమణమ్మ తప్పు దిద్దబోయి ఊరుకుంది. దువ్వి జడ వేసిన తన తలను ఎడమచేత్తో ఒకసారి తడుముకుంది.

"సాయం గురించి?"

"బోనాలల్ల లైన్ల నిలబడ్డ ఆడోళ్ళకు నీళ్ళు ఇచ్చిన."

"ఇంగ్లీషుల."

"బోనాలు టైం, ఐ గివ్ వాటర్ టు లేడీస్."

దుకాణం నుంచి పైకి వచ్చిన వైకుంఠం సేటు మెట్ల దగ్గర ఆగాడు. "ఏంది, ఇద్దరు కలిసి లండన్ పోతున్నరా? నాకు చాయ్ ఎవలు పోస్తరు మరి?"

"నువ్వే పోసుకో, ఫ్యూచర్ల గట్లనే ఉంటది" అంది నాగమణమ్మ. సేటు నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు. రుక్మాబాయికి కూడా నవ్వు వచ్చింది.

నాలుగు కొట్టగానే ఫోను మోగింది. నాగమణమ్మ దాన్ని స్పీకరులో పెట్టి తన కుడిచేత్తో పట్టుకుంది. అవతల డానియేలు అనే ఆయన, నిదానమైన గొంతు. మొదటి ప్రశ్న బాగానే గట్టెక్కింది. అంట్లు తోమే మిషను గురించి విని ఆయన నవ్వాడు. రెండో ప్రశ్న వచ్చింది. మీరు ఎవరికి ఏ సాయం చేశారు?

రుక్మాబాయి నోరు తెరిచింది. బోనాలు, నీళ్ళు, ఆడవాళ్ళు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ తాను చేసినదాన్ని తానే చెప్పుకోవడం ఆమెకు ఇంటా వంటా లేదు. ఎవరైనా సాయం మాట ఎత్తితే తమకు జరిగిన మేలు తలుచుకుని దండం పెట్టడమే వాళ్ళింటి అలవాటు. ఆ నోటికి అదే వచ్చింది.

"సర్, మై హస్బెండ్ డెడ్. బబ్లూ నైన్ ఇయర్స్. అమ్మ గివ్ స్కూల్ ఫీజు. టెన్త్ వరకు. రెయిన్ వాటర్ కమ్ మై హౌస్. అమ్మ సే, కమ్. సెవెన్టీన్ డేస్ వి స్లీప్ హియర్. సేట్ గివ్ రైస్. మై డాటర్ స్వీటీ ఫీవర్. అమ్మ కమ్ హాస్పిటల్, సిట్ ఆల్ డే..."

వద్దు వద్దన్నట్టు నాగమణమ్మ ఎడమచెయ్యి ఊపుతూనే ఉంది. రుక్మాబాయి చూడలేదు. కళ్ళు మూసుకుని చెబుతోంది. నెల రోజుల్లో ఎప్పుడూ రానంత ఇంగ్లీషు ఆ నాలుగు నిమిషాల్లో వచ్చింది.

"ఇదంతా వాళ్ళు మీకు చేసింది" అన్నాడు డానియేలు మెల్లగా, ఇంగ్లీషులోనే. "మీరు చేసింది అడుగుతున్నాను."

అప్పుడు తెలిసింది తప్పు. రుక్మాబాయి నేర్చుకున్న మాటల కోసం వెతుక్కుంది. బోనాలు లేవు, నీళ్ళు లేవు, ఒక్క మాట గుర్తు లేదు. పక్కవాళ్ళు మాట్లాడకూడదని ముందే గట్టిగా చెప్పారు.

నాగమణమ్మ ఫోను తన వంకర మూతి దగ్గరికి తెచ్చుకుంది.

"సర్, యూ ఆస్క్ వాట్ హెల్ప్ షి డిడ్. ఐ యామ్ దట్ హెల్ప్."

అవతల ఆయన వద్దనేలోపే మళ్ళీ అందుకుంది.

"ఎయిట్ మంత్స్ ఐ కుడ్ నాట్ హోల్డ్ ఎ స్పూన్. నౌ ఐ యామ్ హోల్డింగ్ దిస్ ఫోన్. వితవుట్ హర్ ఐ డోంట్ నో హౌ ఐ విల్ లివ్. స్టిల్ ఐ యామ్ సెండింగ్ హర్. ప్లీజ్ టేక్."

ఆ మాటలన్నీ రుక్మాబాయికి అర్థమయ్యాయి. అర్థమయ్యేలా నేర్పింది కూడా ఆమే మరి. చెంపలమీద నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇన్నేళ్ళూ తాను ఈ ఇంటికి బాకీ పడ్డాననే అనుకుంది గాని, ఈ ఇల్లు తనకు పడిందని కలలో కూడా అనుకోలేదు.

డానియేలు ఈసారి తెలుగులో మాట్లాడాడు. "రుక్మాబాయి గారూ, రేపు సాయంత్రానికల్లా వచ్చేయండి. ఎల్లుండి నుంచి డ్యూటీ."

గారూ అని ఆమెను ఎవరూ ఎన్నడూ పిలవలేదు. ఎవరినో అనుకుని పక్కకు చూసింది.

మిగిలిన నాలుగు అంట్లు తోమి, గచ్చు కడిగి, చీపురు మూలన పెట్టి వచ్చేసరికి వంటింట్లో నాగమణమ్మ ఎడమచేత్తో చాయ్ వడకడుతోంది. సగం గట్టుమీద పోసింది. రుక్మాబాయి అలవాటుగా కిటికీ వైపు చెయ్యి చాపింది. పనిమనిషి గ్లాసు అక్కడే ఉంటుంది, ఇంటి గ్లాసులతో కలవకుండా. ఇరవై ఆరేళ్ళూ ఆమె తాగింది అందులోనే. అది తప్పని ఆమెకు తోచలేదు, ఆ ఇంట్లోవాళ్ళకూ తోచలేదు.

"అది వద్దే" అంది నాగమణమ్మ. తల ఎత్తలేదు. ఇంటి గ్లాసుల్లోంచి వైకుంఠం అని పేరు చెక్కిన గ్లాసు ఒకటి తీసి చాయ్ పోసి చేతికిచ్చింది. "నాకు గిప్పుడు సోయికొచ్చింది. తాగు."

ఇద్దరూ వంటింటి గట్టుకు ఆనుకుని, నిలబడే తాగారు. రుక్మాబాయి తాగిన గ్లాసు కడగబోతే నాగమణమ్మ లాక్కుని పక్కన పెట్టింది.

"పైలం" అంది.

"మీరు గూడ, అమ్మా. పొద్దుగాల గోళీ మర్వకున్రి."

కాళ్ళకు మొక్కబోతే మోకాళ్ళు వంగలేదు. నాగమణమ్మే రెండు భుజాలు పట్టుకుని ఆపింది. ఎడమచెయ్యి గట్టిగా, కుడిచెయ్యి కాస్త వదులుగా. ఆ తర్వాత రుక్మాబాయి గోడ పట్టుకుంటూ మెట్లు దిగి, దుకాణంలో సేటుకు దండం పెట్టి, ఈ ఒక్క రాత్రికి కొడుకు దగ్గర ఉండడానికి ఉప్పుగూడ వైపు నడిచింది.

వంటింటి కిటికీలో, రెండు చువ్వల మధ్య, తోమీ తోమీ అంచు పల్చబడ్డ చిన్న స్టీలు గ్లాసు పొద్దున బోర్లించినట్టే ఉంది, పొడిగా.