తిప్పి తొడుక్కున్న అంగీ

దర్జీ టోబయాస్ పోయి నలభై రోజులైనా కాలేదు, చర్చి గోడకు తగిలించిన అతని సింహం గుర్తు డాలు పలకను పగలగొట్టడానికి లండన్ నుంచి మనిషి దిగాడు.

దిగినవాడు ఆంబ్రోస్ విక్‌స్టెడ్, రాజుగారి వంశచిహ్నాల కొలువులో ఉద్యోగి. ఏ ఇంటివాళ్లకు సింహం గుర్తు పెట్టుకునే హక్కుంది, ఎవరికి లేదు అని జిల్లాలు తిరిగి తేల్చడం ఆ కొలువు పని. హక్కు లేదని తేలితే పలకను సుత్తితో ముక్కలు చేస్తారు. సంత కూడలిలో పేరు చదివి 'వీడు పెద్దమనిషి కాడు' అని చాటిస్తారు. పితూరీ పంపింది జమీందారు లాకన్. దర్జీవాడికి సింహమేమిటని అతగాడి కడుపుమంట!

నిజం చెప్పాలంటే టోబయాస్‌కు హక్కు లేదు. ఆ సంగతి అతని భార్య ఉర్సులాకూ తెలుసు. ముప్పై ఏళ్లు ఆ కొలువువాళ్ల అంగీల మీద బంగారు జరీతో సింహాలు కుట్టి కుట్టి కళ్లు పోగొట్టుకున్న మనిషి, చివరికి ఈ ఊరొచ్చి తనకంటూ ఒక్క సింహాన్ని గీయించుకున్నాడు. ఆ అంగీలకు లోపలి గుడ్డ వేసి కుట్టింది ఆమే. దానికింత రాద్ధాంతమా? ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె ముందు బెంచీ మీదే కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఒళ్లు మండిపోతోంది.

విక్‌స్టెడ్ రాజముద్రల అంగీ తొడుక్కుని, సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా అక్కడే ఉంది.

"మా కొలువు నిన్నమొన్నటిది కాదు," అన్నాడు గొంతు పెంచి. "యుద్ధాల్లో పడినవాళ్లని డాలు చూసి గుర్తుపట్టి, పేరుపేరునా రాసింది మావాళ్లే. శత్రువు కోటలోకి ఒంటరిగా నడిచినా ఈ అంగీ మీద చెయ్యేసే మగాడు లేడు. అలాంటి కొలువుని ఓ దర్జీ ఎగతాళి చేస్తాడా?"

"చచ్చినవాళ్లని లెక్కపెట్టే ఉద్యోగం కదండీ," అంది ఉర్సులా. "అందుకే నా మొగుడు చచ్చేదాకా ఆగారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. విక్‌స్టెడ్ మొహం కందిపోయింది.

"నోరు మూసుకుని సంతకం పెట్టు. నీ మొగుడు పెద్దమనిషి కాడని నీ చేత్తో రాసిస్తే, ఆ తర్వాత పగలగొడతాను."

కాగితం ఆమె ఒళ్లో పెట్టడానికి వంగాడు. అంగీ మెడ ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఆకుపచ్చ లోపలి గుడ్డ, దాని అంచున తన కుట్టే. ఆ పక్కనే వరసగా పాత సూది రంధ్రాలు. మెడ తాళ్లను అక్కడ్నించి విప్పి, ఎవరో చేతకానివాళ్లు ఇంకోచోట కుట్టారు.

ఉర్సులా కాగితం కింద పడేసి లేచింది.

"పాదిరిగారూ, వినండి. ఈ కొలువులో కింది మెట్టువాడు అంగీని అడ్డంగా వేసుకోవాలి. ముందూ వెనకా పడాల్సిన పెద్ద గుడ్డలు చేతుల మీద, చేతుల మీద పడాల్సిన చిన్న రెక్కలు ముందూ వెనకా. పైమెట్టు ఎక్కిన రోజున తల మీద వైన్ పోసి, అందరి ముందూ అంగీని తిన్నగా తిప్పుతారు. ఈయనకి ఎవరూ తిప్పలేదు. తనే తిప్పుకున్నాడు. కింది మెట్టువాడు పేర్లు రాసుకోవాలంతే, సుత్తి ఎత్తకూడదు."

"ఏదండీ, మీకు అధికారమిచ్చిన రాజుగారి ఉత్తరం చూపించండి," అన్నాడు పాదిరి.

విక్‌స్టెడ్ చూపించక తప్పలేదు. అందులో వేరే పేరుంది.

"ఆ పేరుగలాయన మంచం పట్టాడమ్మా," అన్నాడు అతను, గొంతు దింపేసి. "పదిహేడేళ్లుగా అడ్డంగానే వేసుకుంటున్నాను. ఎలాగూ నా వంతే కదా అని... లండన్‌కి రాయించకు, నీకు పుణ్యముంటుంది."

"నా మొగుడు ముప్పై ఏళ్లు కుట్టాడు. ఆయన వంతు ఎప్పుడొచ్చేదో చెప్పు." అప్పటిదాకా పలికిన మర్యాద గంగలో కలిసింది. "తియ్యి అంగీ."

విక్‌స్టెడ్ చొక్కాతో నిలబడి ఉంటే, ఆమె మొలలోంచి కత్తెర, సూదీదారం తీసి దొంగకుట్లు ఒక్కొక్కటే తెంపింది. మెడ తాళ్లను పాత రంధ్రాల దగ్గరే మళ్లీ కుట్టింది. పావుగంట పట్టింది. ఒక్కరు కదిలితే ఒట్టు.

"వేసుకో."

వేసుకున్నాడు. చిన్న రెక్కలు పొట్ట మీదా వీపు మీదా వేలాడాయి. పిల్లలు మొదలుపెట్టిన నవ్వు చర్చంతా పాకింది. ఆ నవ్వులోనే అతను గుమ్మం దాటాడు.

ఉర్సులా గోడ మీది సింహాన్ని చూసింది.

"మురిసిపోకయ్యా," అంది మొగుడితో. "ఆర్నెల్లు తిరక్కుండా ఆ మంచం పట్టిన అసలువాడు లేచి వస్తాడు. ఆయన అంగీ నువ్వు కుట్టిందే, నాకు గుర్తుంది. దాన్లో వంక దొరకదు."

సుత్తి బెంచీ మీదే ఉండిపోయింది. దాన్ని శాలువాలో దాచుకుని ఇంటికి తీసుకుపోయింది.