ఊఁ కొట్టే మనిషి

టీ చల్లారిపోయినా అక్కాతమ్ముళ్ల వాదం తెగలేదు. తండ్రి కాలు తీయించాలన్నది ఇద్దరికీ సమ్మతమే. తీయించకపోతే విషం పైకి పాకుతుందనీ, ఎన్నాళ్లో ఉండరనీ డాక్టర్లు చెప్పేశారు. పేచీ అంతా ఏ ఆసుపత్రిలో అన్నదాని మీదే. ఆ కాలు గల మనిషి బల్ల చివర కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నారు.

"నువ్వేమంటావు?" అని భార్యను అడిగాడు కొడుకు.

"మీకు చాలా భయంగా ఉన్నట్టుంది," అందామె.

"ఇదిగో, మొదలెట్టింది. మనం అన్నదే మనకి అప్పజెబుతుంది."

"ఊరుకోరా, దాని ఉద్యోగమే అది," అంది ఆడపడుచు. "గోడకి చెప్పుకున్నా ఒకటే. కాకపోతే గోడ తల ఊపదు."

కోడలు కూడా నవ్వేసింది. ఏ పక్షమూ చేరకుండా బయటపడినందుకు ప్రాణం హాయిగా ఉంది.

ఒక చిన్న క్లినిక్‌లో, మందుల గది పక్కన ఇరుకు గదిలో ఆమె కౌన్సెలర్. రెండు కుర్చీలు, వచ్చినవాళ్ల వీపు వెనక గడియారం. మనిషికి దారి తనలోనే ఉంటుందనీ, తీర్పు చెప్పకుండా, సలహా ఇవ్వకుండా పక్కన ఉంటే చాలు, తనే వెతుక్కుంటాడనీ చదువుకునే రోజుల్లో నేర్చుకుంది. అప్పట్లో ఆ మాటకు ఒళ్లు పులకరించేది. ఏళ్లు గడిచేసరికి అది అరిగిపోయి, ఒక తల ఊపుగా, ఒక వాక్యంగా మిగిలింది.

మధ్యాహ్నం ఒక వెల్డరు వచ్చాడు. భార్య పోయి ఏడాది. సాయంత్రం ఇంటికెళ్లి తాళం తీయడం గురించి చెబుతున్నాడు. ఆమె మనసు ఇంటి దగ్గరి వాదంలో ఉంది.

"ఒంటరిగా అనిపిస్తోంది మీకు," అంది అలవాటుగా.

అతను ఆగిపోయాడు. "కాదు మేడమ్. తేలిగ్గా ఉంది. ఆవిడ లేకపోతే నాకు తేలిగ్గా ఉంది. ఆ మాట పైకి చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది." కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "మీరు ఊఁ కొడతారు గానీ, వినరు."

కోపంగా కూడా అనలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. ఇక రాడని ఆమెకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మామగారు ఒక్కరే ఉన్నారు. ఉద్యోగమున్నన్నాళ్లూ లిఫ్టు నడిపిన మనిషి. ఎవరు ఏ అంతస్తంటే ఆ అంతస్తుకు తీసుకెళ్లడమే తప్ప మారు మాట ఎరగరు. ఆమె మంచం అంచున కూర్చుంది. నోటిదాకా వచ్చిన వాక్యాన్ని ఆపుకుంది. గదిలో చీకటి పడింది. లేచి దీపం వేయలేదు.

"నన్నెవరూ అడగలేదమ్మా," అన్నారు చివరికి.

"నేనూ అడగలేదు మామయ్యా."

"కోయించుకోను. ఉన్నన్నాళ్లు రెండు కాళ్లతోనే ఉంటాను. వాళ్ల ముందు అనబోతే గొంతు పెగలడం లేదు. నువ్వు చెప్పు."

అలా అనకండి, మాకోసమైనా ఒప్పుకోండి అని కాళ్లావేళ్లా పడాలనిపించింది. కష్టం మీద దిగమింగుకుంది.

భోజనాల దగ్గర మళ్లీ ఆసుపత్రి మాటే వచ్చింది. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"మామయ్య కోయించుకోరట. 'ఉన్నన్నాళ్లు రెండు కాళ్లతోనే ఉంటాను' అన్నారు. ఇందులో నా మాట ఒక్కటీ లేదు."

కొడుకు చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు. తండ్రి వైపు తిరిగాడు.

"ఊఁ," అన్నారాయన.

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లేచి, గోడ పట్టుకుని నెమ్మదిగా తన గదిలోకి వెళ్లిపోయారు. నల్లబడిన వేళ్లు కంటబడకుండా కూతురు తొడిగిన ఉన్ని మేజోడు, పాదం ఆకారం ఇంకా పోకుండా, కుర్చీ కింద పడి ఉంది.