నిరుడు వినవలసిన ధ్వని

శరత్కాలము ప్రవేశించెను. వర్షధారాపరిక్షాళితమైన గగనతలము ఇంద్రనీలఫలకమువలె నిర్మలమై ప్రకాశింప కృష్ణవేణి తన యెఱ్ఱనీటి యుద్ధృతిని విడిచి ప్రసన్నగమనయై ప్రవహింప ఇంద్రకీలాద్రి దిక్కునుండి వీచు ప్రాతఃకాలసమీరము బెజవాడ ఆటోనగరమున జొచ్చి డీజిలు వాసనతోడను కాలిన యినుపరజముతోడను చెలిమి చేయుచుండెను. విప్పిన లారీల యస్థిపంజరముల నడుమ సుత్తెల మ్రోతలు మిన్నుముట్టుచున్న యా వేళ ముప్పదియేండ్లుగా మోటారుసైకిళ్లకు చికిత్స చేయుచున్న పురుషోత్తమాచారి యనునతడు తన మరమ్మతుశాల ముంగిట గూర్చుండి మలయాదేశపు మోటారుసైకిలు పందెపుబాటను ఒక కాగితముపై జిత్రించుచుండెను.

ఆచారి కీర్తికి కారణము చేతులు గావు. చెవులు. బండి వీథిమలుపు తిరుగకముందే దాని గొలుసు సాగినదో పిస్టను అరిగినదో చెప్పగలిగిన యాతని శ్రవణవిద్యకు ఏలూరు గుడివాడలును తలయొగ్గెను. అట్టి చెవులపై దైవమునకు గన్ను కుట్టెను. కుడిచెవి మందగించి ఎడమచెవిలో నిరంతరము కీచురాళ్ల రొద మొదలుకాగా పరీక్షించిన వైద్యుడు ఒకటిరెండేండ్లలో వినికిడి సంపూర్ణముగా నశించునని నిష్కర్షగా జెప్పెను. ఆ మాట వెలువడినప్పుడు ఆచారి ప్రక్కనున్నవాడు అతని బాల్యమిత్రుడును విడిభాగముల వర్తకుడును అగు ఆదిశేషయ్య. కులములు వేరైనను ఒకరినొకరు బావా యని పిలుచుకొనువారు. ఇరువదియేండ్లుగా ఆదివారపు పందెములను ఆదిశేషయ్య దుకాణములోని టీవీలో గూడి చూచినవారు.

ఆసుపత్రి మెట్లు దిగుచు ఆదిశేషయ్య మిత్రుని భుజముపై చేయి వైచెను.

“బావా, చెవులుండగానే పోయి వినివత్తము. కార్తీకమాసమున మలయాలో మూడుదినములు పందెములు. టిక్కెట్లును వీసాయును నాకు వదలుము. నేనొకమారు పోయివచ్చినవాడను గదా.”

ఆనాటినుండి ఆచారికి దినములు పండుగలయ్యెను. రాష్ట్రపు సరిహద్దు దాటి యెఱుగని యాతడు పాస్‌పోర్టు సంపాదించెను. భార్య అలివేలమ్మ చక్రముల పెట్టె కొనితెచ్చి లోకులు దేశములు చూడబోవుదురు గాని వినబోవువారిని మిమ్మునే చూచితినని నవ్వెను. పందెపుబాటలో ఎచ్చట గూర్చుండవలయునను విషయమును ఆచారి రెండుమాసములు విచారించెను. సుదీర్ఘమైన ఋజుమార్గము ముగిసి తొలి మలుపు మొదలగు తావున పరమవేగమున వచ్చిన బండ్లన్నియు నొక్కుమ్మడిగా గేరువెంట గేరు దిగజార్చుకొనును. యంత్రము బొంకలేని చోటు అదియే యని యాతని సిద్ధాంతము. శుక్రవారపు సాధకములో కన్నులు మూసికొని ఏ బండి యేదో గుర్తింపవలయుననియు శనివారము తప్పులు దిద్దుకొనవలయుననియు ఆదివారము వట్టి శ్రోతయై యుండవలయుననియు నిశ్చయించుకొని ఆ యేర్పాటంతయు బటముతో గూడ స్వహస్తముతో లిఖించి ఆదిశేషయ్య చేతికిచ్చెను.

ప్రయాణము పదిదినములున్నదనగా ఆదిశేషయ్య తలవంచుకొని వచ్చెను. నమ్మిన యేజెంటు మోసగించెననియు ఆ చోట నొక్క టిక్కెట్టును మిగులలేదనియు మరుసటి యేడు తప్పక పోవుదమనియు చెప్పెను. అతని మొగము చూచి ఆచారియే జాలిపడి యోదార్చి అలివేలమ్మచేత కాఫీ యిప్పించెను. ఆ వారమే ఆదిశేషయ్య దుకాణపు పనిమీద మద్రాసునకు బోవుచున్నానని చెప్పి వెడలెను.

మార్గశిరమున నొక మధ్యాహ్నము విడిభాగముల కంపెనీ యధికారి యొకడు తన బండి మరమ్మతునకై ఆచారి కడకు వచ్చెను. పని జరుగుచుండగా మాటలలో మాటగా తాను కార్తీకమున మలయాపందెములకు బోయివచ్చిన సంగతి యెత్తి తన్ను దోడ్కొనిపోయినవాడు ఆదిశేషయ్యయే యనియు తొలి మలుపుకడ చోటెంచుటలో ఆతని నేర్పు మెచ్చదగినదనియు కొనియాడి సెల్‌ఫోనులోని ఛాయాచిత్రమును జూపెను. అందు ఆదిశేషయ్య నవ్వుచుండెను. అతని చేతిలోని కాగితముపై నున్నది ఆచారి దస్తూరి.

ఆచారి చేతిలోని పానాను నేలపై నుంచెను. ఒక్క ప్రశ్న మాత్రమడిగెను.

“ధ్వని యెట్లుండెనండీ?”

అధికారి నవ్వెను. “ఎవరు వినిరి? ఆ రొద భరింపలేక మూడుదినములును చెవులలో దూది క్రుక్కుకొని కూర్చుంటిని.”

ఆచారి బండిని యథావిధిగా బాగుచేసి యప్పగించెను. ఆ దినమున అన్నము ముట్టలేదు. మిత్రుడు వేఱొకని గొనిపోవుట కంటె తనచేత నోదార్పు పుచ్చుకొనుట యాతని నెక్కువగా దహించెను. మాఘమున ఆదిశేషయ్య దుకాణముపై ఆ యధికారి కంపెనీవారి జిల్లా యేజెన్సీ పలక వెలసినంతనే కారణము గూడ బోధపడెను. వైద్యుడు రెండేండ్లనెను గదా యొక్క యేడు జరిపిన నేమి యని ఆదిశేషయ్య తన మనస్సునకు సమాధానము చెప్పుకొనియుండవచ్చును. ఆచారి కలహింపలేదు. విడిభాగములను వేఱొకచోట గొననారంభించెను. ఎదురుపడినచో అడిగినదానికి బదులు చెప్పి మరలిపోవుచుండెను. తన బొంకు బయటపడినదని ఆదిశేషయ్యకు దెలిసెను గాని నోరు విప్పుటకు ధైర్యము చాలలేదు.

ఆషాఢమున నొకయుదయమున ఆచారి మేల్కాంచి వాకిట నిలిచి రేకులపై వాన కురియుట చూచెను. వినలేదు.

మరల శరత్తు వచ్చెను. ఆదిశేషయ్య రెండు టిక్కెట్లు చేతబట్టుకొని మరమ్మతుశాల గడప దొక్కెను. ఆచారి యెదుట నిలిచి మాటాడ మొదలిడెను. ఏడాదిగా కుత్తుకలో నిలిచినదంతయు వరదవలె వెడలెను. ఆతని పెదవులు వడకుటయు కన్నీరు చెంపల జారుటయు ఆచారి చూచుచుండెను. అలివేలమ్మ చెంతనే నిలిచి యంతయు విని భర్తకు దెలుపుటకై పలకయు బలపమును గైకొనెను. ఇప్పుడా యింటి మాటలన్నియు పలకమీదనే. ఆచారి చేయెత్తి వారించెను.

“వ్రాయకుము” అని మిత్రుని వంక దిరిగి మెల్లగా ననెను. “నిరుడు చెప్పియుండిన వినియుందును బావా.”

టిక్కెట్లను ఆదిశేషయ్య చొక్కాజేబులోనే పెట్టి పైనుండి తట్టెను. చెవియున్ననాడు దాచిన సత్యము చెవిలేనినాడు చాటినను మౌనమే యగును. పిదప ఆచారి ప్రక్కనున్న బండి నెక్కి కాలితో నొక్కదన్ను దన్ని యంత్రము మేల్కొనగా దాని యొడలిపై అరచేయి మోపి కన్నులు మూసికొనెను. పాకయంతయు మాఱుమ్రోగెను. ఆదిశేషయ్య కదలలేక యచ్చటనే నిలిచి ఆ ధ్వనిని కడదాక వినుచుండెను.