వెన్నువంపు

మా అమ్మాయి తన్మయికి వెన్నెముక ఆపరేషన్ జరిగే రోజు పొద్దున, నా భర్త దివాకర్‌కు బదులు అతని నీలంగళ్ళ చొక్కా ఆసుపత్రికి వస్తుంది. లిఫ్టులో మూడో అంతస్తుకు ఎక్కి, వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుంటుంది.

దివాకర్ ఆఫీసు పనిమీద విజయవాడ వెళ్ళాడు. ఆపరేషన్ వేళకు తప్పకుండా ఉంటానని మాటిచ్చాడు.

"ఆయన రాలేదా?" అని అడుగుతాను. చొక్కా కాలరు సర్దుకుంటుంది.

నర్సు రత్నమేరీ కాగితాలు తెస్తుంది. "తండ్రి సంతకం కావాలమ్మా."

"చొక్కా పెడితే పనికొస్తుందా?"

ఆమె దాన్ని పైనుంచి కిందికి చూస్తుంది. "గుండీలన్నీ పెట్టుకునే ఉంది కదా. పనికొస్తుందిలెండి."

చొక్కా కుడిచేతి అంచుతో సంతకం పెడుతుంది. అక్షరాలు అచ్చం దివాకర్‌వే.

తన్మయికి పదిహేనేళ్ళు. ఒక్క ఏడాదిలో దాని వెన్ను పక్కకు వంగిపోయింది. బడిసంచి బరువు వల్లేనని నేను స్కూలుకెళ్ళి గొడవపడ్డాను. ఎదిగే వయసులో కొందరికి ఇలా అవుతుందని, కారణం ఉండదని డాక్టరుగారు చెప్పారు. ప్రతి సాయంత్రం దాని వీపుకు నేనే కొబ్బరినూనె రాసేదాన్ని.

ఆరు గంటల తర్వాత సర్జన్ బయటికి వస్తారు. ఆయన చేతిలో స్టీలు ట్రే, ట్రేలో అగ్గిపెట్టెంత సూట్‌కేసు, ఇంకా తడిగా.

"వెన్ను చక్కగా నిలబడిందమ్మా. రెండు రాడ్లు వేశాం. వంపులో ఇది ఇరుక్కుని ఉంది. మీ సామానేనా, చూసుకోండి."

మాదే. పిడికి నేను కట్టిన ఎర్ర రిబ్బను అలాగే ఉంది. ఒళ్ళో పెట్టుకోగానే సూట్‌కేసు మామూలు సైజుకు పెరుగుతుంది. తెరుస్తాను. దివాకర్ బట్టలు, నేను చేసిన ఇస్త్రీ మడతలతోనే ఉన్నాయి. వాటి మధ్య ఒక గౌను. ఏడాది పిల్లకు సరిపోతుంది. తన్మయికి అలాంటి గౌను ఎప్పుడూ లేదు.

మర్నాడు తన్మయి ఐసీయూలో కళ్ళు తెరిచి, నాకంటే ముందు సూట్‌కేసునే చూస్తుంది.

"దొరికిందా" అంటుంది.

"ఎవరు పెట్టారే?"

"నాన్న. ఎనిమిదో తరగతి అయ్యాక, సెలవుల్లో. కొన్నాళ్ళు దాచమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఈ గౌను ఎవరిది?"

"చెల్లిదంట."

మానిటరు మీద పచ్చగీత మామూలుగానే నడుస్తుంది.

"బరువనిపించలేదా?"

"మొదట్లో లేదు."

"నాకైనా చెప్పాల్సింది కదా తల్లీ."

"ఒట్టు వేయించుకున్నాడమ్మా. నీ మీదే."

నా చేతులు చూసుకుంటాను. ఏడాదిపాటు ప్రతి సాయంత్రం ఇవి ఆ సూట్‌కేసు మీదుగానే వెళ్ళివచ్చాయి. ఇవి కూడా నాకు చెప్పలేదు.

వరండాలోకి వెళ్ళి, ఎంతకాలంగా ఇదంతా అని చొక్కాను అడుగుతాను. అది పైనుంచి ఒక్కొక్క గుండీ విప్పుకుంటుంది. లోపల ఎవరూ లేరు. తర్వాత లేచి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోతుంది.

తన్మయిని గదికి మారుస్తారు. నడుము మెలిక పడకూడదు కాబట్టి నేనూ రత్నమేరీ కలిసి దాన్ని దుంగను దొర్లించినట్టు తిప్పుతాం. ఇడ్లీ మెదిపి పెడతాను. చెంచా దాని నోటి దగ్గరికి వెళ్ళేకొద్దీ పొడవవుతుంది. చివరికి నేను తలుపు దగ్గర, అది కిటికీ దగ్గర. అయినా ఒలకకుండానే పెడతాను.

"నా మీద కోపమా?" ఆ చివరినుంచి అడుగుతుంది.

"ఉంది."

"తగ్గుతుందా?"

"ముందు తిను."

నాలుగో రోజు నిలబెడతారు. నాలుగు వేళ్ళు పొడుగైంది. ఇప్పుడు నా తల మీదుగా చూడగలదు. ఏం కనిపిస్తోందని అడిగితే, ఏమీ లేదంటుంది. నేను నమ్మను. నమ్మకపోయినా దాని చెయ్యి వదలను.

ఐదో రోజు రత్నమేరీ మూడు చిన్న బంతులున్న ప్లాస్టిక్ పరికరం తెస్తుంది. "గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చమ్మా. మూడు బంతులూ పైకి లేవాలి."

తన్మయి పీలుస్తుంది. మూడు బంతులూ లేస్తాయి. వెంటనే మందుల చీటీలు లేస్తాయి, నీళ్ళగ్లాసు లేస్తుంది, రత్నమేరీ చెప్పులు లేస్తాయి. నా పాదాలు నేలను వదులుతాయి. కిటికీ అవతల విశాఖ సముద్రం మూడో అంతస్తు దాకా లేచి, గోడలా నిలబడుతుంది.

"చాలమ్మా, వదిలెయ్" అంటాను.

అది వదలదు. గుండెల నిండా ఊపిరి బిగబట్టి నన్నే చూస్తుంది.

కిటికీ అద్దానికి చేపలు ఒక్కొక్కటే వచ్చి ఆనుకుంటాయి, నోళ్ళు గట్టిగా మూసుకుని.