వంటింట్లో జమైకా

మాడిన బెల్లం వాసన.

పాకం అడుగంటి, పొగచూరి, వంటింట్లోంచి వరండాలోకి వస్తున్న వాసన. నరసరావుపేటలో మా అక్క రాములమ్మ ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల ఎండ.

అక్క బెల్లం మాడబెడుతోంది — కావాలనే.

అది గయానా.

మగ్గి నల్లబడిన అరటిపండు పిసికి, లవంగం వేసి మరిగిస్తే జమైకా. ఎండుకొబ్బరి వేయించి వేస్తే బార్బడోస్. అన్నింట్లోనూ శొంఠి — గొంతు మండాలిగా!

నవ్వొస్తోందా? మొదటి ఆదివారం నాకూ వచ్చింది. తర్వాత రాలేదు.

మా బావ యల్లమంద సరుకు ఓడల్లో వంటవాడు. వినుకొండ మెట్టచేలల్లో వాన కోసం మొహం వాచిన మనిషి, ముప్పై ఏళ్ళు నీళ్ళ మీదే బతికాడు. గయానా, జమైకా, బార్బడోస్ — దిగిన ప్రతి రేవులోనూ ఆ దేశపు రమ్ము రుచి చూశాడు. చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి మాగిన రమ్ము. ఉద్యోగం మానేసి వస్తూ కొన్ని సీసాలు తెచ్చుకున్నాడు.

ఆదివారం వస్తే మా ఇద్దరికీ ఒకటే ఆట. బావ కళ్ళకు తుండుగుడ్డ కడతాను. గ్లాసులో రెండు చెంచాలు పోస్తాను. ముక్కు దగ్గర పెట్టుకుని, చుక్క నాలుక మీద వేసుకుని…

"జమైకా. పన్నెండేళ్ళది. ఏందిరా బామ్మర్దీ, మరీ ఇంత తేలికా! ఇంకోటి పొయ్యి."

ఊళ్ళో ఎవరు ఏ సీసా తెచ్చి పరీక్ష పెట్టినా సరే. ఒక్కసారీ తప్పలేదు.

నేను లారీ తోలేవాణ్ణి. మాచర్ల నుంచి నాపరాళ్ళు మోసే లారీ. నా ముక్కుకు డీజిల్ తప్ప ఏదీ ఆనదు. బావ ముక్కు చూస్తే కుళ్ళు నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం రెండు చెంచాలే. మిగతా ఆరు రోజులూ మాత్రం ఏది దొరికితే అది. చెంచాలు లేవు.

మాఘమాసంలో కాళ్ళు వాచాయి. పొట్ట ఉబ్బింది. కళ్ళు పచ్చబడ్డాయి. లివర్ పాడైపోయింది, ఇక చుక్క పడితే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు.

అక్క నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"కోటప్పకొండ సామి మీద ఒట్టెయ్యి. నీ చేత్తో ఆయనకి చుక్క పొయ్యనని చెప్పు."

ఒట్టేశాను. మిగిలిన ఓడ సీసాలు అక్క బీరువాలో పెట్టి తాళం వేసింది.

బావ మందు మానేశాడు. మాటా మానేశాడు. అన్నమూ మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆదివారం మాత్రం లేచేవాడు — తుండుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, నా అడుగుల చప్పుడు కోసం కూర్చునేవాడు.

అది చూడలేకే అక్క పొయ్యి వెలిగించింది.

ముప్పై ఏళ్ళు రమ్మును తిట్టిపోసిన మనిషి… ఏ వాసన ఏ దేశానిదో నన్ను అడిగి అడిగి నేర్చుకుంది. బావ నాకు చెప్పిన కబుర్లే నేను ఆమెకు అప్పజెప్పాను.

మొదటి ఆదివారం అరటిపండు కషాయం. గుడ్డ కట్టి గ్లాసు అందించాను.

బావ వాసన చూశాడు. చప్పరించాడు.

"జమైకా."

"కరెక్టు బావా!"

గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

రోగంతో ముక్కు చచ్చిపోయిందనుకున్నాం. అదే మంచిదనుకున్నాం. ఎంత పాపిష్టి సంతోషం! ఆ రోజు బావ అన్నం తిన్నాడు. ఓడ కబుర్లు చెప్పాడు. అలా ఎనిమిది ఆదివారాలు.

ఇవాళ తొమ్మిదోది.

నిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఇక మందులు పనిచెయ్యవన్నాడు. అక్కకు నేనే చెప్పాను. బావకు ఎవరమూ చెప్పలేదు.

గుడ్డ కట్టాను. గ్లాసు పట్టుకునే ఓపిక కూడా లేదు బావకు. నేనే పెదవికి ఆనించాను.

"ఎక్కడిది బావా?"

పెదవులు చప్పరించాడు.

"మనింటిది," అన్నాడు. "మీ అక్క చేతిది. ఇయ్యాల బెల్లం చానా మాడింది… దాని మనసు బాగోలా."

గ్లాసు కింద పెట్టాను.

"అయ్యన్నీ మనింటియ్యే గదరా. మొదటి రోజే తెలిసింది. అది అంత అగచాట్లు పడతంటే కాదనబుద్ధి కాలా."

ఆయాసం.

"ఇంక నా పని అయిపోయిందిలే. నిజంది ఒక్క చుక్క పొయ్యరా. ఎక్కడిదో చెప్పి పోతా."

ఏడ్చాను. ఇంత మొరటు మనిషిని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఒట్టు వేసింది నేను. పొయ్యాల్సిన చెయ్యి నాది. లేవలేకపోయాను.

అక్క లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. పొయ్యి దగ్గర గిన్నె కూడా చప్పుడైంది… ఏ చప్పుడు ముందో, ఏది తర్వాతో.

గ్లాసు మీద అరచెయ్యి మూసి తెచ్చింది.

"నువ్వు బయటికి పోరా," అంది.

పోయాను. ముక్కు మూసుకుని వాకిట్లోకి పోయాను. ఆ గ్లాసులో ఏముందో నాకు తెలియకూడదు. దేవుడి ముందు నిలబడి తెలియదని చెప్పాలి నేను.

వెనక, గుటక చప్పుడు.

తర్వాత అక్క గొంతు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ ఆ ఆట ఆడని అక్క గొంతు —

"ఎక్కడిదయ్యా?"

బావ చెప్పలేదు. ఆయాసమూ వినిపించడం లేదు.

"చెప్పయ్యా… ఎక్కడిది?"

చెప్పులు లేకుండా వచ్చేశాను. కాళ్ళు కాలుతున్నాయి. వెనక్కి తిరిగి చూడలేకపోతున్నాను.

లోపల అక్క మళ్ళీ అడుగుతోంది.