ఆరు పలకల గాజు

దీపమనుకున్నాను గానీ అది లేజరట, వెంట్రుకంత సన్నం, దాని వెలుగు పడితే రాయి తన గుట్టు తానే చెప్పేస్తుందట, ఇన్నేళ్లుగా మ్యూజియంలో ఈ బంగారు హారం ఉన్న అద్దాల పెట్టె తుడిచేది నేనే, వచ్చినవాళ్లకి అన్నీ జాతిపచ్చలండీ అని చెప్పేదీ నేనే, మావయ్యా, పరీక్ష హారానికి, నీకు కాదు, కాస్త ఊపిరి పీల్చుకో అంటోంది మేనకోడలు, ఒకప్పుడు నా భుజమెక్కి ఈ గదుల్లోనే అదేంటి ఇదేంటి అని ప్రాణం తోడేసిన పిల్ల, ఇప్పుడు రాళ్లని అడుగుతోంది, కంప్యూటర్ తెర మీద గీత నిటారుగా లేచింది, ఇది పచ్చే, పక్కదీ పచ్చే, చివరిదానికి మాత్రం లేవలేదు, దుప్పటి కింద పిల్లి పడుకున్నట్టు మెత్తగా ఉబ్బింది, ఏమైందే అమ్మడూ అంటే, గాజు మావయ్యా అంది.

గాజట, పక్కనే ఉన్న డైరెక్టరుగారు కళ్లజోడు నుదుటికెక్కించి, ఈమధ్యే ఎవడో పచ్చ కొట్టేసి గాజు దూర్చాడమ్మా, దీన్ని జనానికెలా చూపిస్తాం, గోదాములో పడేయండి అన్నారు, అమ్మడు తలెత్తలేదు, ఒక్క నిమిషం సార్ అంటూ హారాన్ని ఎక్స్‌రే యంత్రం కిందికి జరిపింది, ఏం నిదానమో ఈ పిల్లకి, రంగుకి రాగి కలిపారు సార్, ఇప్పటి గాజు పాళ్లు కావు, హారం చేసిన కాలంవే, తీగ రాసుకుని బెజ్జం ఎలా అరిగిందో చూడండి, పచ్చలతో పాటే ఎవరి మెడలోనో ఏళ్లపాటు ఊగింది, అయితే ఆనాటి దొంగంటావ్ అన్నారాయన, దొంగో కాదో యంత్రం చెప్పదు సార్ అంది, ఆయన నవ్వేసి, సరే, పెట్టెలోనే ఉండనీ, లేబుల్ మార్చండి అన్నారు.

నువ్వూ చూడు మావయ్యా అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది, పచ్చ నేలలో పుట్టడమే ఆరు పలకలతో పుడుతుందట, చెక్కకుండా అలాగే హారానికి గుచ్చారు, గాజుకి ఆ పుట్టుక లేదు, అయినా దీనికీ ఆరు పలకలున్నాయి, అంటే ఎవరో ఓ పచ్చని పక్కన పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, పలక తర్వాత పలక అరగదీశాడు, ఒకటి కొంచెం వంకర, అక్కడ చెయ్యి జారిందేమో, ఆ వంకర మీదే నా కన్ను ఆగిపోయింది, మిగతావన్నీ నేల కన్నవి, ఇదొక్కటే ఒక మనిషి చూసి చూసి చేసింది, రేపు ఎవరొచ్చినా ముందు దీన్నే చూపిస్తాను, గాజండీ అనే చెబుతాను.