ఎప్పుడొచ్చినావు, ఎప్పుడు పోతావు

జెద్దాలో ఇంతమంది టీచర్లుండగా ప్రపంచ పౌరసత్వం పాఠం చెప్పడానికి నన్నే ఎందుకు పట్టుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నా మానాన నేను ఇంగ్లీషు చెప్పుకునేదాన్ని. ఆ సబ్జెక్టు చెప్పే ఆవిడ కాన్పుకు సెలవు పెట్టింది. డీన్ మేడమ్ వరండాలో ఎదురుపడి, ఇస్మత్, నీకు చాలా దేశాలు తెలుసు కదా అంటూ పుస్తకం చేతిలో పెట్టేసింది. నాకు తెలిసినవి రెండే దేశాలు. ఆ రెండింటికీ నేనెవరో సరిగ్గా తెలియదు.

పౌరుడంటే పాస్‌పోర్టు ఒక్కటే కాదట, తానున్న చోటి మంచిచెడ్డలు తనవి అనుకునేవాడట. మొదటి పేజీలోనే ఉంది ఆ మాట. చదవగానే ఒళ్ళు మండింది. ఆ రాసినాయన ఎప్పుడూ ఇఖామా రెన్యువల్ కోసం ఎదురుచూసి ఉండడు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు అది. పుట్టినప్పుడు మా నాన్న ఇఖామా మీద ఉన్నాను, పెళ్ళయ్యాక మొగుడి ఇఖామా మీదికి మారాను. నా కార్డు ఎప్పుడూ ఇంకొకరి పేరును పట్టుకుని వేలాడుతూనే ఉంది.

ఆ మొగుడు ఖాజావలి. ప్రొద్దుటూరు మనిషి. ఇక్కడ ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాడు. ఆ కంపెనీ జెద్దా బ్రాంచి ఎత్తేస్తోంది, నెలాఖరుకు ఎగ్జిట్ ముద్ర కొట్టి దేశానికి పంపించేస్తామన్నారు. ఆయనకు ఎగ్జిట్ కొడితే నాకూ కొట్టినట్టే. ఆ కబురు చెప్పినప్పుడు ఆయన ముఖం మా పెళ్ళిలో కూడా అంత వెలగలేదు. ఊళ్ళో టైల్స్ షాపు పెడతానని అప్పుడే గదులు కొలిచినట్టు మాట్లాడాడు. ఇంతలో డీన్ మేడమ్, కావాలంటే నిన్ను కాలేజీ స్పాన్సర్‌షిప్ మీదికి మార్చుకుంటాం, పిల్లల ప్రాజెక్టులు అయిపోయేలోగా ఉంటావో వెళ్తావో చెప్పమంది. మాకు పిల్లలు లేరు, వాళ్ళ చదువు పేరు చెప్పి నిర్ణయం వాళ్ళ మీదికి నెట్టడానికి కూడా వీల్లేదు. ఉండాలా, పోవాలా? రోజూ పొద్దున ఒకటి అనుకుని సాయంత్రానికి రెండోది అనుకుంటున్నాను.

ఆ స్థితిలో క్లాసు మొదలుపెట్టాను. పుస్తకంలో ఉన్నట్టే గది నాలుగు మూలలకు వీధి, నగరం, దేశం, ప్రపంచం అని పేర్లు పెట్టి, దేని బాధ్యత మీదనుకుంటే ఆ మూలకు వెళ్ళి నిలబడమన్నాను. అమ్మాయిలు నవ్వుకుంటూ సర్దుకున్నారు. జుమానా అని ఒక పిల్ల ఉంది, కడుపులో ప్రశ్న దాచుకోలేదు. ప్రపంచం మూలలోంచి చెయ్యెత్తి, మరి మీరు ఏ మూల టీచర్ అని అడిగింది. నేను బోర్డు దగ్గరే ఉన్నాను. ఇక్కడ బాగానే ఉందన్నాను.

ఆ పిల్ల వదల్లేదు. మీ దేశంలో ఎవరికి ఓటేశారంది. ఎప్పుడూ వెయ్యలేదన్నాను. మా దేశానికి ఎప్పుడొచ్చారంది. రాలేదమ్మా, ఇక్కడే పాత జెద్దాలో, బలద్‌లో పుట్టానన్నాను. అయితే మీరు సౌదీయా అంది. కాదన్నాను. కాసేపు ఆలోచించి, మరి ఎప్పుడు వెళ్తారు అని అడిగింది. ఆ పిల్ల గొంతులో ఇంత కూడా చెడ్డతనం లేదు. ప్రొద్దుటూరులో బస్సు దిగగానే అత్తగారి వీధి వీధంతా అడిగేవీ ఇవే రెండు ప్రశ్నలు. ఎప్పుడొచ్చినావు, ఎప్పుడు పోతావు.

టర్మ్ చివర ప్రతి జట్టూ నగరం కోసం ఏదో ఒక పని చెయ్యాలి. రెండు జట్లు సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో ప్లాస్టిక్ ఏరాయి. జుమానా జట్టు మాత్రం అందరూ సముద్రం మీదే పడ్డారని మూతి విరిచి, మన మధ్య అతిథులు అనే పేరుతో బయటి దేశాల ఆడవాళ్ళకు మర్యాద చేస్తామంది. మంచి పనే. మెచ్చుకుని మార్కులు కూడా మనసులో వేసేశాను. ఆ రోజు హాల్లోకి వెళ్ళాక తెలిసింది, మధ్యలో పూలు కట్టిన కుర్చీ నాదేనట. ముఖ్య అతిథిని నేనే.

పక్కన ఒక ఫిలిప్పీన్స్ నర్సు, ఒక సూడాన్ టీచరు కూర్చున్నారు. ఎదురుగా అమ్మాయిల అమ్మలు, జుమానా నానమ్మ ఉన్నారు. ఖర్జూరాలు, అగరు పొగ, అందరి ముఖాల్లో ప్రేమ. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ పిల్లలు పుట్టకముందు నుంచీ ఈ ఊళ్ళో ఉన్నదాన్ని ఈ పిల్లలే స్వాగతం అంటుంటే ఏం చెయ్యాలి? షుక్రన్ అన్నాను.

అప్పుడు జుమానా కాఫీ తెచ్చింది. కూజా కుడిచేత్తో పట్టుకుంది, అదే మొదటి తప్పు. కూజా ఎడమచేతిలో, చిన్న కప్పు కుడిచేతిలో ఉండాలి. ఆ పిల్ల పాపం కాఫీ షాపుల్లో గొట్టంతో తాగి పెరిగిన పిల్ల, దానికేం తెలుసు. ప్రేమకొద్దీ నా కప్పు అంచుదాకా నింపి, నవ్వుతూ అందించింది.

కప్పులో ఇంత అడుగున పోసి, అయ్యాక మళ్ళీ పోస్తారు ఇక్కడ. కొసరి కొసరి పొయ్యడమే మర్యాద. నిండుగా పోస్తే, తాగేసి ఇక బయలుదేరు అని అర్థం. మేము బలద్‌లో ఉన్నప్పుడు కింది వాటా ముసలావిడ మా అమ్మకు నేర్పింది, మా అమ్మ నాకు నేర్పింది. అదే ప్రొద్దుటూరులో అయితే నిండుగా పోస్తేనే మనిషిని మనిషిగా చూసినట్టు, అడుగున పోస్తే పిసినారి కొంప అని ఊరంతా చెప్పుకుంటారు. కాబట్టి ప్రొద్దుటూరు లెక్కన నాకు గొప్ప గౌరవం జరిగింది. జెద్దా లెక్కన నన్ను పొమ్మన్నారు.

ఆ పిల్ల తెలియక చేసిందని తెలిసినా చాలా బాధేసింది. నేను జెద్దా లెక్కనే బాధపడ్డానని తర్వాత తట్టింది.

కప్పు కింద పెట్టి, లేచి, జుమానా చేతిలో కూజా లాగేసుకున్నాను. లాక్కోవడమే, అడగడం కాదు. అతిథి కూజా ముట్టుకోవడం ఎక్కడా ఉండదు. కూజా ఎడమచేతిలోకి మార్చి, ఒక కప్పులో అడుగున పోసి జుమానా నానమ్మ ముందుకు వంగాను. ఆవిడ కప్పు అందుకుని తాగింది, మళ్ళీ చాపింది, మళ్ళీ పోశాను. ఇక చాలని కప్పు అటూ ఇటూ ఊపి నా చేతికిచ్చి, బలద్‌లో ఏ వీధి అని అడిగింది. మజ్లూమ్ వీధి అన్నాను.

ఆవిడ మనవరాలి వైపు తిరిగి, "ఈమెను కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు? మా వీధి పిల్ల ఈమె" అంది.

ఎప్పుడొచ్చావని గానీ ఎప్పుడు వెళ్తావని గానీ అడగలేదు. మిగిలిన వాళ్ళందరికీ నేనే పోశాను. జుమానా ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని బిక్కముఖంతో నా వెనకే తిరిగింది. పోతూ పోతూ డీన్ మేడమ్‌కు ఉంటానని చెప్పేశాను. చెప్పాక గానీ ఇంట్లో అడగలేదని గుర్తు రాలేదు.

ఖాజావలి గేటు బయట కారులో ఉన్నాడు. ఎక్కి కూర్చుని అంతా చెప్పాను, కుర్చీ, కూజా, నిండు కప్పుకు ఇక్కడున్న అర్థం. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నా ఆయనకా సంగతి తెలియదట. చివరికి, ఉండిపోతానని చెప్పిన మాట కూడా చెప్పాను. ఆయన కారు స్టార్ట్ చెయ్యలేదు.

"మరి నా సంగతేంది ఇస్మత్? నీ కాడికి విజిట్ వీసా మీద రావల్ల నేను?"

"మీరు కూడా ఈడే ఇంకో పని చూసుకోండి."

"నాకు ఈడ పానం కుదరదు. నీకు ఆడ కుదరదు. ఇది నాకు పెండ్లయిన కాడ్నుంచీ తెలుసు. నీకు ఈపొద్దు తెలిసింది."

ఇంతసేపూ నన్ను అతిథిని చేశారని కుళ్ళుకున్న నేను, నా సొంత మొగుడిని నా ఇంటికి అతిథిని చేసి వచ్చాను. రేపు ఎయిర్‌పోర్టులో ఆయన దిగితే నేనడిగేదీ అదే, ఎప్పుడు పోతారని. పుస్తకంలో దీనికి ఏ అధ్యాయం ఉందో చూడాలి.

కారు రోడ్డెక్కింది. ఇంటి సందు మలుపులో, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు ఆయన.

"నేనొచ్చినప్పుడు మటుకు కప్పు నిండా పొయ్యి. నేను ప్రొద్దుటూరోన్ని, నాకేమనిపీదులే."